ఐసీయూలో రాత్రి నిపుణుడు: మంచం పక్కనా, ఫోనులోనా, తెర మీదా?

రాత్రి రెండింటికి రోగి రక్తపోటు పడిపోతే మన ఐసీయూల్లో చాలావరకు అక్కడ ఉండేది నర్సు, డ్యూటీ డాక్టరు. క్రిటికల్ కేర్ నిపుణులు ఇంటి నుంచి ఫోనులో సలహా ఇస్తారు. వారూ రాత్రంతా ఆస్పత్రిలోనే ఉంటే ప్రాణాలు ఎక్కువగా నిలుస్తాయా?

ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ఆస్పత్రి దీన్ని ఏడాదిపాటు పరీక్షించింది. చీటీ తీసినట్టు ఎంచిన కొన్ని వారాల్లో రాత్రిపూట నిపుణులు ఐసీయూలోనే ఉన్నారు. మిగతా వారాల్లో రెసిడెంట్లు (ఇంకా శిక్షణలో ఉన్న డాక్టర్లు) ఉండి, అవసరమైతే నిపుణులకు ఫోను చేశారు. 2013లో వెలువడిన ఫలితం ప్రకారం 1,598 మంది రోగుల్లో మరణాలు తగ్గలేదు, ఐసీయూలో గడిపిన కాలమూ తగ్గలేదు.

దీన్ని పట్టుకుని రాత్రి నిపుణులు అనవసరమనడం పొరపాటు. అక్కడ పగటి చికిత్స అప్పటికే నిపుణుల చేతిలో ఉంది, రాత్రి రెసిడెంట్లు ఉన్నారు. 2012లో అమెరికాలోని 25 ఆస్పత్రుల్లో 49 ఐసీయూలను, 65 వేలకు పైగా రోగులను పరిశీలించిన అధ్యయనం అసలు సంగతి చూపింది. పగలు ప్రతి రోగినీ నిపుణులు చూసే చోట రాత్రి నిపుణుల వల్ల అదనపు లాభం కనబడలేదు. పగలు వారిని పిలవడం ఐచ్ఛికమైన చోట మాత్రం, రాత్రి నిపుణులున్న ఐసీయూల్లో మరణాలు తక్కువ. ఇది పరిశీలన మాత్రమే కాబట్టి కారణం అదేనని రుజువు కాదు, కానీ నాకు నమ్మదగినదిగానే తోస్తుంది. మత్తుమందు తగ్గించడం, వెంటిలేటర్ నుంచి తప్పించడం, అక్కర్లేని యాంటీబయాటిక్ ఆపడం వంటి నిర్ణయాలు ఎక్కువగా ఉదయం రౌండ్లలోనే జరుగుతాయి. అందుకే డబ్బు పరిమితమైతే నేను ముందు పగటి నిపుణులనే కోరతాను.

ఇక టెలీ ఐసీయూ, అంటే దూరాన ఉన్న నిపుణుల బృందం తెర మీద ఐసీయూ రోగులను గమనించే పద్ధతి. మసాచుసెట్స్‌లోని ఒక వైద్య కేంద్రంలో ఇది వచ్చాక ఆస్పత్రి మరణాలు 13.6 శాతం నుంచి 11.8 శాతానికి తగ్గాయని 2011లో తేలింది. అంతకు రెండేళ్ల ముందు టెక్సస్ అధ్యయనంలో మొత్తంమీద మార్పు లేదు. అక్కడి వైద్యులు మూడో వంతు రోగుల విషయంలో కూడా దూరాన ఉన్న బృందానికి పూర్తి అధికారం ఇవ్వలేదు. అడిగితేనే మాట్లాడే తెర కన్నా, చికిత్స ఆర్డరు మార్చే అధికారమున్న తెర మేలు.

జిల్లా ఆస్పత్రికి నా ఓటు టెలీ ఐసీయూకే, ఒక షరతుతో: రోగి గొంతులో శ్వాస గొట్టం వేయడం కెమెరా వల్ల కాదు, ఆ పని చేయగల డాక్టరు రాత్రి అక్కడ ఉండి తీరాలి. పెద్ద నగరాల్లో, పగటి వ్యవస్థ గట్టిగా ఉన్న ఆస్పత్రి మిగిలిన డబ్బుతో ముందు రాత్రి నర్సులను పెంచాలి. రోగిని చేర్చే కుటుంబం మాత్రం “రాత్రి స్పెషలిస్టు ఉంటారా?” అనే ప్రశ్నకు ముందు “పగలు మా రోగి చికిత్సను నిర్ణయించేది ఎవరు? రాత్రి గొట్టం వేయగలిగేది ఎవరు?” అని అడగాలి.