మక్కీకి మక్కీ రాసుకోవడానికి ఓట్రాన్‌స్క్రైబ్: నాలుగేళ్ల వాడకం తర్వాత

రికార్డు చేసిన ఇంటర్వ్యూను విని ఉన్నది ఉన్నట్టు రాసే పనికి, ఉచితంగా దొరికే ఓట్రాన్‌స్క్రైబ్ సరిపోతుందా? అడిగేవారు ఒకరు, చెప్పేవారు ఒకరు అయితే నిశ్చింతగా సరిపోతుంది. ఐదారుగురు ఒకరి మాట మీద ఒకరు పడే బృందచర్చ అయితే దీని జోలికి పోవద్దు.

ఇది బ్రౌజరులోనే నడుస్తుంది. పైన ఆడియో, కింద రాసుకునే కాగితం, అంతే. ఆడియో ఫైలు మన కంప్యూటరు దాటి ఎక్కడికీ పోదు. అప్పుల గురించో, జబ్బుల గురించో నమ్మి చెప్పినవారి గొంతు అది కాబట్టి నా లెక్కలో మిగతా సుగుణాలన్నీ దీని తర్వాతే. యూట్యూబ్ లంకె పెట్టి వినే వీలు కూడా ఉంది. లంకె తెలిసినవారికే కనబడుతుంది కదా అని ఇంటర్వ్యూలను అక్కడికి ఎక్కించకండి.

ఎస్కేప్ మీట నొక్కితే ఆడియో ఆగుతుంది, మళ్లీ నొక్కితే మొదలవుతుంది. ఎఫ్1 వెనక్కి, ఎఫ్2 ముందుకు. ఎఫ్3 వేగం తగ్గిస్తుంది, ఎఫ్4 పెంచుతుంది. కంట్రోల్, జె కలిపి నొక్కితే ఆ క్షణం తాలూకు సమయం పాఠంలో పడుతుంది. తర్వాత ఆ అంకె మీద నొక్కితే ఆడియో నేరుగా అక్కడికే పోతుంది. మాట మారిన ప్రతిచోటా, అర్థం కాని ప్రతిచోటా ఈ గుర్తు వేసుకుంటే రెండోసారి వినేటప్పుడు సగం పని తప్పుతుంది.

తెలుగులో రాసేవారికి మొదటి చిక్కు ఎస్కేప్ దగ్గరే. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగుగా మారే లిప్యంతర కీబోర్డుల్లో ఎస్కేప్ అంటే 'ఈ మాట వద్దు' అని అర్థం. మాట సగంలో ఆడియో ఆపబోతే ఆ మాటే ఎగిరిపోతుంది. సెట్టింగుల్లో ఆపే మీటను మార్చుకోండి, లేదా భారతీయ భాషలకు ప్రామాణిక కీబోర్డు అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి. ఇన్‌స్క్రిప్ట్‌లో ప్రతి మీటా నేరుగా అక్షరాన్నే వేస్తుంది కాబట్టి ఈ బెడద లేదు. లాప్‌టాప్‌లలో ఎఫ్1, ఎఫ్2 మీటలు వెలుతురునో శబ్దాన్నో మారుస్తుంటే ఫంక్షన్ మీటల తాళం చూసుకోండి. కీబోర్డు మీటలా పనిచేసే యూఎస్‌బీ కాలి పెడల్ ఉంటే ఆపే పని దానికి అప్పగించవచ్చు. రోజుకు రెండు మూడు గంటలు కూర్చునేవారికి మణికట్టు నొప్పి తగ్గుతుంది.

రెండో చిక్కు ఆడియో ఫైలుది. బిట్‌రేటు (సెకనుకు వాడే సమాచారం) మారుతూ ఉండే ఎంపీ3 ఇస్తే బ్రౌజరు సమయం లెక్క తప్పుతుంది. 40వ నిమిషం గుర్తు నొక్కితే కొన్ని సెకన్లు అటో ఇటో పోయి ఆగుతుంది. పాత ఫోన్ల ఏఎంఆర్ ఫైళ్లయితే అసలు తెరుచుకోవు. పని మొదలుపెట్టే ముందే ఉచిత ఆడియో సాఫ్ట్‌వేర్లయిన ఆడాసిటీలోనో ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తోనో 16 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో వేవ్ ఫైలుగా మార్చుకుంటే గంటకు 115 ఎంబీ దాకా అవుతుంది. 44.1 కిలోహెర్ట్జ్ స్టీరియో అయితే గంటకు 600 ఎంబీ దాటుతుంది, మాట వినడానికి అంత అక్కర్లేదు. అసలు రికార్డింగును మాత్రం కదపకుండా దాచండి. ఫ్యాను రొద తీసేద్దామని శబ్దం మరీ తోమితే నిట్టూర్పులూ, గొంతులో ఆగిన 'ఊఁ'లూ కూడా దాంతోపాటే పోతాయి.

మూడోదే ప్రమాదకరమైనది. రాసిన పాఠమంతా ఆ బ్రౌజరులోనే నిలవ ఉంటుంది. కుకీలూ సైటు సమాచారమూ తుడిచేస్తే, వేరే కంప్యూటరులో తెరిస్తే, ప్రైవేటు కిటికీలో రాసి మూసేస్తే, రాసింది ఉండదు. పూట పూటకీ ఓటీఆర్ ఫైలుగా (ఓట్రాన్‌స్క్రైబ్ సొంత ఫైలు రకం) దించుకోండి. మామూలు పాఠంగా దించితే సమయం అంకెలు మిగులుతాయి గాని, నొక్కితే పలకవు.

వేగం సంగతి. 0.75 దగ్గర పెడితే చాలామంది మాట చేతికి అందుతుంది. ఇంకా తగ్గిస్తే అచ్చులు సాగి, హల్లులు మొద్దుబారి, 'ట'యో 'త'యో తేలదు. అనుమానం ఉన్న మాటను మామూలు వేగంతో మూడుసార్లు వినడమే మేలు. గంట ఆడియోకు ఏడెనిమిది గంటలు, సరిచూడటానికి ఇంకో రెండు గంటలు పెట్టుకోండి. నాలుగు గంటల్లో అయిపోయిందంటే ఏదో వదిలేసి ఉంటారు.

ఆ వదిలేసేది ఎక్కువగా చెవి కాదు, చేయి. రుణాల మీద ఇంటర్వ్యూలో ఒక రైతు ఇలా అన్నాడనుకోండి: "ఆఁ... గదే సార్, లోను... లోను దెచ్చిన. బ్యాంకిల గాదు, బైట." చదువుకున్న చేయి దీన్ని "బ్యాంకులో కాదు సార్, బయట అప్పు తెచ్చాను" అని దిద్దేస్తుంది. అర్థం మారలేదు కదా అంటారు. మారింది. 'బైట' అనడానికి ముందు రెండుసార్లు తడబడ్డాడు, వడ్డీ వ్యాపారి అప్పును కూడా 'లోను' అన్నాడు. పరిశోధనకు కావలసింది ఆ రెండే. వచ్చిండు అంటే వచ్చిండు, ఎల్లిపోనాడు అంటే ఎల్లిపోనాడు. 'మేము' అన్నచోట 'మనం' రాస్తే, అడిగే మనిషిని తనలో కలుపుకున్నాడా లేదా అన్నదే తారుమారవుతుంది. 'గుంట' వినబడితే కూడా ఆగండి. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, ఆంధ్రలో అయితే ఎకరానికి 100 సెంట్లు. నేల కొలతా, నీళ్ల గుంటా అన్నది ముందువెనక మాటలే చెప్పాలి.

మాటను తనంతట తానే రాతగా మార్చే ఏఐ మోడల్ విస్పర్‌తో ముందు చిత్తుప్రతి తీసి ఓట్రాన్‌స్క్రైబ్‌లో దిద్దుకుంటే పోలేదా అని చాలామంది అడుగుతారు. 2022లో ఓపెన్‌ఏఐ విడుదల చేసిన ఆ మోడల్‌ను దించుకుంటే ఇంటర్నెట్ లేకుండానే నడుస్తుంది కాబట్టి గోప్యతకు అభ్యంతరం లేదు. ఏ నిమిషంలో ఏ విషయం ఉందో వెతుక్కోవడానికి బాగా పనికొస్తుంది. మక్కీకి మక్కీ రాతకు మాత్రం పనికిరాదు. మధ్యలో ఆగిన విరామాలూ తడబాట్లూ అది తనంతట తానే ఊడ్చేస్తుంది. మౌనం ఎక్కువసేపు ఉంటే ఎవరూ అనని వాక్యాన్ని పుట్టిస్తుంది, లేదా ఒకే ముక్కను పదిసార్లు తిప్పి రాస్తుంది. ఆడియోను 30 సెకన్ల ముక్కలుగా తీసుకుంటుంది, ఒక్కో ముక్కకు 224 టోకెన్లకు (మోడల్ రాతను విడగొట్టుకునే చిన్న తునకలు) మించి రాయదు. తెలుగు అక్షరాలు టోకెన్లను ఇంగ్లీషుకంటే చాలా ఎక్కువగా మింగుతాయి. అందుకే గబగబా మాట్లాడే మనిషి దగ్గర ముక్క చివరి మాటలు గల్లంతు కావచ్చు. అచ్చులో అంతా చక్కగా కనబడుతుంది కాబట్టి దిద్దేవారి కన్ను కూడా దాటిపోతుంది. ఖాళీ కాగితం మీద రాయడం కంటే ఇది దిద్దడమే ఎక్కువసేపు పట్టిన ఫైళ్లు ఉన్నాయి.

బృందచర్చలకు ఎలాన్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి. నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ మనోభాషాశాస్త్ర సంస్థ తయారుచేసింది, ఉచితం. మనిషికో వరస వేసుకుంటే ఎవరి మాట ఎవరి మాట మీద ఎక్కడ పడిందో గీతల్లో తెలుస్తుంది. నేర్చుకోవడానికి వారం పడుతుంది. ఇద్దరి ఇంటర్వ్యూకు అంత హంగు దండగ. ఓట్రాన్‌స్క్రైబ్‌లోనే, సంభాషణ విశ్లేషణకు రాత గుర్తులు ఏర్పరచిన గెయిల్ జెఫర్సన్ పద్ధతిలో, ఆగిన సెకన్లు బ్రాకెట్లో (1.5) అనీ, అతి చిన్న విరామం (.) అనీ, మాటలు పైన పడ్డచోట [ అనీ చేత్తో వేసుకుంటే చాలు.

పేర్లు మార్చే పని మొదటిసారి రాసేటప్పుడే పెట్టుకోకండి. రాస్తూ మారిస్తే ఒకే మనిషికి రెండు మారుపేర్లు పడతాయి. ముందు ఉన్నదున్నట్టు రాసి, ఆ ప్రాంతం మాట తెలిసిన ఇంకొకరి చేత వినిపించి సరిచూసి, ఆ తర్వాత నకలు తీసి ఆ నకలులోనే మార్చండి. అసలు ప్రతి, వేవ్ ఫైలు, ఓటీఆర్ ఫైలు మూడింటికీ ఒకే సంకేత సంఖ్య పెట్టండి. పేర్లకూ సంకేతాలకూ ఉన్న పట్టిక వేరే చోట, తాళం వేసి ఉండాలి.