రోబో ప్రాజెక్టులకి ఆన్‌లైన్‌లో సర్వోలు, రాడ్లు కొనేవాళ్లకి హెచ్చరిక: ప్యాక్ రాగానే విప్పి తూచండి, కొలవండి

రోబోటిక్ ఆర్మ్ కట్టుకుందామని ఆన్‌లైన్‌లో పార్ట్స్ వెతుకుతున్నవాళ్లు ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి. "20 కేజీ టార్క్, ఫుల్ మెటల్ గేర్, డిజిటల్" అని రాసి సెట్టుగా అమ్ముతున్న సర్వో మోటార్లు (చెప్పిన కోణానికి తిరిగి అక్కడే నిలబడే చిన్న మోటార్లు, టార్క్ అంటే వాటి తిప్పే బలం) తీసుకున్నాను. ఎలాగూ ఒకే షిప్పింగ్‌లో వచ్చేస్తాయి కదా అని అదే సెల్లర్ దగ్గర 8 మిల్లీమీటర్ల రాడ్లు, వాటికి బేరింగులు, లీడ్ స్క్రూ (తిరిగితే నట్‌ని ముందుకీ వెనక్కీ నడిపే మర కడ్డీ), టైమింగ్ బెల్ట్ (పళ్లున్న బెల్ట్) కూడా పెట్టాను. సర్వోలు అబద్ధం, రాడ్లు అబద్ధం, బెల్ట్ వేరే రకం, లీడ్ స్క్రూ సగం నిజం. సర్వోల డబ్బు పోట్లాడితే వెనక్కి వచ్చింది, మిగతా వాటిది పోయింది. ఎలా పోయిందో కింద రాశాను, మీరు ముఖ్యంగా చూడాల్సింది ఆ భాగమే.

ముందు సర్వోల సంగతి. ఫోటోలో చూస్తే ఎంజీ996ఆర్ సైజు బాడీ. ఆ మోడల్ డేటాషీట్‌లో బరువు 55 గ్రాములు, 6 వోల్టుల దగ్గర స్టాల్ టార్క్ (మోటార్ ఇక తిరగలేక ఆగిపోయే దగ్గరి బలం) 11 కేజీ-సెంటీమీటర్ అని ఉంటుంది. అదే సైజులో నిజంగా 20 కేజీ లాగేవి లేకపోలేదు, డీఎస్3218 తరహావి ఉన్నాయి, కానీ అవి 60 గ్రాముల దాకా తూగుతాయి. నాకొచ్చినవి తూకం మీద పెడితే 40 గ్రాములు కూడా దాటలేదు. అప్పుడే అనుమానం వచ్చింది, ఎందుకంటే లోహపు గేర్లు, కాస్త పెద్ద మోటార్ ఉన్న దేనికైనా ఆ బరువు రావాలి, రాకపోతే లోపల ఏదో లేదన్నమాట. అడుగున ఉన్న పొడవాటి స్క్రూలు నాలుగూ తీసి పై మూత లేపాను. బయటికి కనిపించే అవుట్‌పుట్ గేర్ మాత్రం ఇత్తడి రంగులో మెరిసిపోతోంది, దాని కింద ఉన్న గేర్లన్నీ తెల్ల ప్లాస్టిక్. షాఫ్ట్ దగ్గర రెండు బాల్ బేరింగులు ఉన్నాయని లిస్టింగ్‌లో రాశాడు, అక్కడ ఉన్నది ఒక ప్లాస్టిక్ బుష్, అంటే ఉత్త గొట్టం ముక్క. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

అనుమానం ఒకటే ఉంటే సరిపోదు, సెల్లర్‌తో వాదించడానికి ఒక నంబర్ కావాలి, దానికి పెద్ద ల్యాబ్ ఏమీ అక్కర్లేదు. సర్వో బాడీని టేబుల్‌కి గట్టిగా బిగించండి, హార్న్‌కి (షాఫ్ట్ మీద బిగించే చేయి) ఒక గట్టి పట్టీ తగిలించి షాఫ్ట్ మధ్య నుంచి సరిగ్గా 10 సెంటీమీటర్ల దగ్గర బరువు వేలాడదీయండి. పట్టీ నేలకి సమాంతరంగా ఉన్నప్పుడు 1 కేజీ లేపితే 10 కేజీ-సెంటీమీటర్, 2 కేజీలు లేపితే 20. ఒకటి రెండు సెకన్లకి మించి స్టాల్‌లో ఉంచొద్దు, మోటార్ వైండింగ్ కాలిపోతుంది, ఆ తర్వాత ఆ నింద కూడా మన మీదికే వస్తుంది. నా సర్వోలు అర కేజీ దగ్గరే ఆగిపోయాయి, ఒకదానిలో గేరు పళ్లు విరిగిన శబ్దం కూడా వచ్చింది. పైగా 180 డిగ్రీలు తిరుగుతుందని రాసింది 120 దగ్గర ఆగుతోంది, సెంటర్ ఒక్కోదానికీ ఒక్కోచోట ఉంది. వాటితో పాటు ఇచ్చిన అల్యూమినియం హార్న్‌లు 25 పళ్లవి, అవి ఈ షాఫ్ట్‌ల మీద కూర్చోనే కూర్చోవు. ఇంకొక మాట, నిజంగా 20 కేజీ అని నిరూపించుకున్న సర్వో అయినా అది స్టాల్ టార్క్, అంటే అక్కడ మోటార్ ఆగిపోతుందని అర్థం, ఆర్మ్ డిజైన్ చేసేటప్పుడు అందులో మూడో వంతుకి మించి నమ్ముకోకండి.

ఈ పరీక్షని వీడియో తీసి పంపితే సెల్లర్ చెప్పిన మొదటి మాట "మీ పవర్ సప్లై సరిపోలేదు". ఈ జవాబు అందరికీ వస్తుంది, తిప్పికొట్టడానికి ముందే సిద్ధంగా ఉండండి. అందులో కొంత నిజం ఉండబట్టే వాళ్లు అది వాడతారు. ఈ సైజు సర్వో స్టాల్‌లో రెండున్నర ఆంపియర్లు లాగుతుంది, రోబోని నడిపే ఆర్డుయినో కంట్రోల్ బోర్డులోని 5 వోల్టుల పిన్ నుంచి నడిపితే ఎంత మంచి సర్వో అయినా వణుకుతుంది, బోర్డు రీసెట్ అయిపోతుంది. కాబట్టి విడిగా ఒక మంచి సప్లై పెట్టి, సర్వో వైర్ల దగ్గరే మల్టీమీటర్ తగిలించి, బరువు లేపుతున్నంతసేపూ మీటర్ రీడింగ్ కూడా ఫ్రేమ్‌లో కనిపించేలా తీయండి. లోడ్ మీద కూడా 6 వోల్టులు నిలబడిందని కనబడ్డాక వాళ్ల దగ్గర ఆ మాట మిగలదు. నాకు డబ్బు వెనక్కి వచ్చింది ఆ వీడియో వల్లే, దానికి తోడు తూకం మీద పెట్టిన ఫోటో, మూత తీసిన గేర్ల ఫోటో.

మధ్యలో ఒక బేరం కూడా నడిచింది. "సగం డబ్బు ఇస్తాం, వస్తువు మీరే ఉంచుకోండి, కంప్లయింట్ మాత్రం క్లోజ్ చేయండి" అన్నాడు. ఒప్పుకోవద్దు. చాలా సైట్లలో ఒకసారి మనమే క్లోజ్ చేస్తే మళ్లీ తెరవనివ్వరు, ఆ తర్వాత సగం డబ్బు కూడా అతని దయ. మాట్లాడేది ఏదైనా సైట్‌లోని మెసేజ్‌లలోనే మాట్లాడండి, బయట చాట్‌కి రమ్మంటే వెళ్లకండి, అక్కడ చెప్పింది సైట్ వాళ్లు లెక్కలోకి తీసుకోరు.

ఇప్పుడు డబ్బు రాని వాటి గురించి. రాడ్లు ముందు పార్సిల్‌లో వచ్చాయి, వాటి మీద నడవాల్సిన ఎల్ఎం8యూయూ బేరింగులు "విడిగా పంపాం" అన్నారు. బేరింగులు లేకుండా రాడ్ బాగుందో లేదో ఏం తెలుస్తుంది అనుకుంటాం. అడిగితే రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది, కొంచెం ఓపిక పట్టండి అని చాలా మర్యాదగా జవాబులు. అవి చేరేసరికి రాడ్లకి రిటర్న్ గడువు అయిపోయింది. ఒకే ఆర్డర్ అయినా గడువు ఏ పార్సిల్‌కి ఆ పార్సిల్ డెలివరీ అయిన రోజు నుంచే లెక్కేశారు. మన హాబీలో ఇది మామూలు విషయం, మోటార్ ఇవాళ వస్తుంది, బ్రాకెట్ తర్వాతెప్పుడో వస్తుంది, అన్నీ వచ్చేదాకా డబ్బాలో పడేసి ఉంచుతాం. సరిగ్గా ఈ అలవాటు మీదే ఇలాంటి సెల్లర్లు బతుకుతున్నారని నా గట్టి నమ్మకం. చొక్కా కొంటే అదే రోజు వేసుకు చూస్తారు, సర్వోని ఎవరూ అదే రోజు లోడ్ మీద పెట్టరు.

అసలు రాడ్ బాగుందో లేదో చూడటానికి బేరింగ్ అక్కర్లేదు. గ్లాస్ ముక్క మీద దొర్లిస్తే వంకర ఉన్నది ఎగిరెగిరి పడుతుంది, కింద వెలుతురు కనిపిస్తుంది. మందం కొలవండి. హెచ్6 టాలరెన్స్ (మందంలో ఎంత తేడా ఉండొచ్చో చెప్పే గుర్తు) అని రాసిన 8 మిల్లీమీటర్ల షాఫ్ట్ 8.000కి, 7.991కి మధ్య ఉండాలి. మామూలు వెర్నియర్‌తో అంత సన్నగా తేలదు గానీ, నా రాడ్లు ఒక చోట 7.9, ఇంకో చోట 7.95 చూపించాయి, అంత తేడాకి మైక్రోమీటర్ కూడా అవసరం లేదు. ఇంకోటి, చివరన కనిపించని చోట ఆకురాయితో ఒకసారి గీయండి. హార్డెన్ చేసిన ఉక్కు అయితే ఆకురాయి జారిపోతుంది, మెత్తటిదైతే కొరుకుతుంది. నావాటిని కొరికేసింది. పైన మెరుపు కోసం వేసిన క్రోమ్ పూత తప్ప ఏమీ లేదు, ఇలాంటి రాడ్ మీద ఎల్ఎం8యూయూ నడిపితే లోపలి ఉక్కు బాల్స్ రాడ్ మీద గాడి పెట్టేస్తాయి, కొన్నాళ్లకి మొత్తం ఊగుతుంది.

లీడ్ స్క్రూ విషయంలో అతను అబద్ధం ఆడలేదు, సగం నిజం చెప్పాడు, అది ఇంకా చిరాకు. "టీ8, పిచ్ 2 మిల్లీమీటర్లు" అని రాశాడు. టీ8 అంటే 8 మిల్లీమీటర్ల వ్యాసం, అంతవరకే. పిచ్ (పక్కపక్క మరల మధ్య దూరం) 2 అయినా నాలుగు స్టార్టుల మర (నాలుగు మరలు కలిసి చుట్టుకున్నది) ఉంటే ఒక చుట్టుకి నట్ 8 మిల్లీమీటర్లు కదులుతుంది, ఒకే స్టార్ట్ అయితే 2 మాత్రమే. నాకు కావలసింది ఒకే స్టార్ట్‌ది, వచ్చింది నాలుగు స్టార్టులది. చుట్టుకి 200 స్టెప్పులు వేసే మోటార్‌ని 16 మైక్రోస్టెప్పులతో (ఒక్కో స్టెప్పుని 16 ముక్కలు చేసి) నడిపితే ఒకదానికి మిల్లీమీటరుకి 1600 స్టెప్పులు, ఇంకోదానికి 400. కోడ్‌లో ఆ నంబర్ మార్చుకోవచ్చు, అది సమస్య కాదు. కరెంట్ ఆపగానే నాలుగు స్టార్టుల స్క్రూ మీద ఉన్న బరువు తనంతట తానే కిందికి జారిపోతుంది, 2 మిల్లీమీటర్ల లీడ్ (ఒక చుట్టుకి నట్ కదిలే దూరం) ఉన్నదైతే మామూలుగా అక్కడే పట్టుకుని ఉంటుంది. నిలువుగా లేపే లిఫ్ట్ కట్టేవాళ్లకి ఈ తేడా చాలా ముఖ్యం. కొనేముందు "లీడ్ ఎంత" అని అడగండి, పిచ్ ఎంత అని కాదు. వచ్చాక స్క్రూ చివర చూస్తే మర ఎన్ని చోట్ల మొదలవుతోందో కంటికే కనిపిస్తుంది.

బెల్ట్ అయితే చూడ్డానికి అచ్చం నేను ఆర్డర్ పెట్టిన జీటీ2 రకం లాగే ఉంది. కానీ అది ఎంఎక్స్ఎల్ అనే వేరే రకం. జీటీ2 పళ్ల మధ్య దూరం 2 మిల్లీమీటర్లు, ఎంఎక్స్ఎల్‌ది 2.032, అంటే అంగుళంలో 0.080 వంతు. చేత్తో పట్టుకుంటే ఎవరికీ తెలియదు, జీటీ2 పుల్లీ మీద కూడా కూర్చుంటుంది, పొడవాటి బెల్ట్‌లో మాత్రం తేడా పేరుకుపోయి పొజిషన్ తప్పుతుంది, శబ్దం చేస్తుంది, లోడ్ పడితే పళ్లు దాటేస్తుంది. స్కేలు పక్కన పరిచి 50 పళ్లు లెక్కపెట్టండి, 100 మిల్లీమీటర్లు వస్తే జీటీ2, 101.6 వస్తే ఎంఎక్స్ఎల్. పళ్ల ఆకారం కూడా చూడండి, జీటీ2వి గుండ్రంగా ఉంటాయి, ఎంఎక్స్ఎల్‌వి పలకలుగా కోసినట్టు ఉంటాయి.

రివ్యూలు చూడలేదా అని అడుగుతారు. చూశాను, అన్నీ ఐదు నక్షత్రాలే. తీరిగ్గా చదివితే సగం "ప్యాకింగ్ బాగుంది, త్వరగా వచ్చింది", అంటే ప్యాక్ చేతికందిన రోజే రాసినవి. ఇంకొన్ని అసలు సర్వోల గురించే కావు, ఫోన్ కవర్ రంగు బాగుందని రాశారు, పాత లిస్టింగ్‌లో వస్తువు మార్చేసి రివ్యూలు అలాగే ఉంచుకున్నారన్నమాట. ఒకటి రెండు నక్షత్రాలు ఇచ్చినవాళ్లవి, ఫోటోలు పెట్టినవాళ్లవి మాత్రమే చదవండి. గేర్లు విప్పిన ఫోటో ఒక్కటైనా కనిపిస్తే అది వంద పొగడ్తల కంటే నయం.

ఇలాంటి మాటల గారడీ వేరే పార్ట్స్‌లో కూడా ఉంది. స్టెప్పర్ మోటార్ల (స్టెప్పులుగా తిరిగే మోటార్ల) మీద రాసే నెమా 17 అంటే ముందు పలక 1.7 అంగుళాలని మాత్రమే, టార్క్ గురించి ఆ పేరు ఏమీ చెప్పదు, పలచటి బిళ్ల లాంటి మోటార్‌ని కూడా అదే పేరుతో అమ్ముతారు, కాబట్టి బాడీ పొడవు, ఫేజ్ కరెంట్ (ఒక్కో కాయిల్‌కి ఇచ్చే కరెంట్) అడగండి. గేర్ మోటార్లకి ఆర్‌పీఎం రాస్తారు, అది ఏ వోల్టేజ్ దగ్గరో రాయరు. టార్క్ న్యూటన్-సెంటీమీటర్లలో రాసి కేజీ-సెంటీమీటర్లు అనిపించేలా పెడతారు, మధ్యలో దాదాపు పది రెట్ల తేడా. మెకానమ్ చక్రాలు (అంచున ఏటవాలు రోలర్లు ఉండి రోబోని పక్కకి కూడా నడిపేవి) సెట్టుగా కొంటే రెండు ఎడమవి, రెండు కుడివి ఉండాలి, నాలుగూ ఒకే వైపువి వస్తే రోబో పక్కకి నడవదు.

ఆ సెల్లర్ ఇంకా అమ్ముతూనే ఉన్నాడు. అదే ఫోటో, అదే నేపథ్యం, దుకాణం పేరు మాత్రం వేరు. ఫోటోని ఇమేజ్ సెర్చ్‌లో పెడితే మూడు నాలుగు పేర్లతో కనిపించింది, అందుకే సెల్లర్ పేరు గుర్తు పెట్టుకుని తప్పించుకుందామంటే కుదరదు, ఫోటోనే వెతకండి. మీ దగ్గర ఇప్పటికే ఇలాంటి ప్యాక్ సీల్ తియ్యకుండా ఉంటే, ముందు ఆర్డర్ పేజీ తెరిచి ఏ పార్సిల్‌కి గడువు ఎప్పుడో చూసుకోండి. తర్వాత వీడియో ఆన్ చేసి సీల్ తియ్యండి.