తలకోన: ఫాల్స్ దగ్గరే ఆగిపోతే సగం కూడా చూడనట్టే

తలకోన చూసొచ్చాం అనేవాళ్ళలో ఎక్కువమంది చేసేది ఒకటే, సిద్ధేశ్వరస్వామికి దండం పెట్టుకుని, మెట్లెక్కి జలపాతం కింద తలకాయ పెట్టి, ఫోటోలు దిగి, తెచ్చుకున్న బిర్యానీ తినేసి బండెక్కేయడం. తప్పేం లేదులెండి, 270 అడుగుల ఎత్తునుంచి నీళ్ళు పడుతుంటే ఎవరైనా అక్కడే నిలబడిపోతారు, ఆంధ్రాలో ఇంతకంటే ఎత్తైన జలపాతం లేదంటారు కూడా. కానీ నన్నడిగితే ఇక్కడ అసలు సరుకు అడవి.

తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా వస్తుంటే ఎండిన తుప్పలు, బండలే కనిపించి ఇంత దూరం దీనికోసమా అనిపిస్తుంది, కోనలోకి దిగ్గానే ఒళ్ళు చల్లబడిపోతుంది, కొన్నిచోట్ల ఆకాశం కూడా సరిగ్గా కనపడదు. పైన గుట్టల మీద ఎర్రచందనం లాంటి ఎండకి ఓర్చుకునే చెట్లు, కింద వాగు తడి తగిలేచోట ఏరుమద్ది, మామిడి, నేరేడు, అంటే ఒక్క నడకలోనే రెండు రకాల అడవి చూసేస్తాం అన్నమాట. ఇది 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్క్‌లో భాగం, తర్వాత 2010లో శేషాచలం కొండలన్నీ కలిపి బయోస్పియర్ రిజర్వ్ (చెట్లనీ జీవాలనీ కాపాడే ప్రాంతం) చేశారు.

నాకు బాగా నచ్చింది గిల్లతీగ. తీగ అంటే మల్లెతీగ అనుకునేరు, మనిషి నడుమంత లావు, కొండచిలువలాగా ఒక చెట్టు మీదనుంచి ఇంకో చెట్టు మీదకి మెలికలు తిరుగుతూ పోతానే ఉంటుంది, మొదలెక్కడో చివరెక్కడో వెతకడానికే టైమ్ పడుతుంది. కాయలు గజం దాకా పొడుగుంటాయి, గింజలు గోధుమరంగులో నున్నగా భలే ఉంటాయి, అయినా జేబులో వేసుకోకండి, అడవిది అడవిలోనే ఉండనీండి.

జంతువుల విషయంలో ఆశలు తగ్గించుకుని వెళ్ళండి. దేవాంగపిల్లి (పిల్లి కాదు, పెద్ద కళ్ళున్న చిన్న జంతువు, ఇంగ్లీషులో స్లెండర్ లోరిస్), బంగారు బల్లి రెండూ రాత్రిపూట తిరిగేవి, పగలు వెళ్ళి కనపడలేదంటే ఏం చేస్తాం. బెట్టుడుత (మామూలు ఉడుత కంటే చాలా పెద్దది) మాత్రం అదృష్టముంటే పైకొమ్మల్లో కనిపిస్తుంది, పొడుగు తోకుండే తోకపిగిలిపిట్ట కనిపిస్తే ఇంకా అదృష్టం. కోతులకి మాత్రం అదృష్టంతో పని లేదు, మీ చేతిలో కవరుంటే చాలు అవే వస్తాయి.

జలపాతం పైభాగానికి ఎక్కాలనుకుంటే గైడ్ లేకుండా వద్దు, పర్మిషన్ ఉందో లేదో ముందే అడగండి. గైడ్‌గా చుట్టుపక్కల ఊరి మనిషి దొరికితే ఇంకేం కావాలి, ఏ చెట్టు బెరడు దేనికి వాడతారో, ఎలుగుబంటి గోళ్ళ గీతలు ఎలా ఉంటాయో నడుస్తానే చెప్పుకుంటూ పోతారు. షార్ట్‌కట్ అని దారి తప్పి తిరగడం మాత్రం అస్సలు వద్దు, ఎర్రచందనం దొంగల వల్ల ఇక్కడ నిఘా గట్టిగా ఉంటుంది, పైగా శేషాచలంలో ఏనుగులున్నాయి, 2025 శివరాత్రికి అడవిదారిన తలకోనకి నడిచి వస్తున్న భక్తుల మీద గుంపు దాడి చేసి ప్రాణాలే పోయాయి.

కాళ్ళకి గ్రిప్ ఉన్న షూ వేసుకోండి, రాళ్ళన్నీ క్వార్ట్‌జైట్ అనే గట్టి రాతి నున్నటి బండలు, పైన పాచి, చెప్పులతో వచ్చినవాళ్ళు జర్రున జారుతుంటే చూసేవాళ్ళకే భయమేస్తుంది. చెట్ల మధ్య 35-40 అడుగుల ఎత్తులో తాళ్ళ వంతెన కూడా ఉంది, బాగుంటుంది గానీ మెయింటెనెన్స్ కోసం ఆపేసి ఉండొచ్చు, దానికోసమే రావద్దు.

ఎప్పుడు రావాలంటే, ఈ సైడ్ వానలు బాగా పడేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కాబట్టి నవంబర్ చివర్నుంచి జనవరి లోపు బెస్ట్, తుఫాను వానలప్పుడు లోపలికి వదలరు, ఎండాకాలం వస్తే జలపాతం సన్నటి ధారే. పొద్దున్నే గుడి దగ్గర చెప్పి వెళ్తే మధ్యాహ్నానికి రాగిసంగటి, నాటుకోడి పులుసు చేసిపెట్టేవాళ్ళున్నారు, నడిచొచ్చిన ఆకలికి ఆ ముద్ద ఎట్లా దిగుతుందో చెప్పలేను.

రేటింగ్ అంటారా, ఫాల్స్‌కి నాలుగు, అడవికి ఐదు, ఆదివారం జనానికీ వాళ్ళు పారేసే ప్లాస్టిక్ గ్లాసులకీ సున్నా. వీక్‌డే చూసుకుని రండి, సాయంత్రం నాలుక్కల్లా బయల్దేరిపోండి, భాకరాపేట ఘాట్‌లో మలుపులు ఎక్కువ, చీకట్లో ఆ రోడ్డు కొత్తవాళ్ళకి కష్టం.