కెమెరా సెన్సర్‌కు సీఓబీయా, సీఎస్పీయా?

శ్రీసిటీ, రేణిగుంట వైపు కెమెరా మాడ్యూల్ లైన్లలో పనికి చేరేవాళ్లకు ముందు తెలియాల్సిన తేడా ఇదే: సెన్సర్ చిప్‌ను బోర్డు మీద అమర్చే రెండు పద్ధతులివి.

సీఓబీ (చిప్ ఆన్ బోర్డ్)లో పైన గాజు మూత లేని చిప్‌ను బోర్డుకు జిగురుతో అతికించి, సన్నని బంగారు తీగలతో కలిపి, పైన లెన్స్ హోల్డర్ బిగిస్తారు. పిక్సెల్ 1 మైక్రాన్ అయితే, 5 మైక్రాన్ల ధూళి కణం సుమారు 20 పిక్సెళ్లను మూసేస్తుంది. ఫొటోలో నల్ల మచ్చే. తుడవబోతే పిక్సెళ్ల మీది బుల్లి లెన్సులు (మైక్రోలెన్సులు) గీరుకుపోతాయి, తీగ తెగుతుంది. అందుకే ధూళి దాదాపు లేని క్లాస్ 100 శుభ్రమైన గది కావాలి. మాడ్యూల్ మాత్రం పలచగా వస్తుంది. 13 మెగాపిక్సెల్ పైన నా ఓటు దీనికే.

సీఎస్పీ (చిప్ స్కేల్ ప్యాకేజ్)లో వేఫర్‌ను, అంటే చిప్‌లన్నీ ఉన్న సిలికాన్ పళ్లేన్ని, కోయకముందే గాజు అతికిస్తారు, అడుగున బోర్డుకు అతికే సోల్డర్ బాల్స్ (టంకం గుళ్లు). బోర్డు మీద భాగాలు అతికించే మామూలు ఎస్ఎంటీ లైన్ చాలు, దుమ్ము తుడిస్తే పోతుంది. అయితే గాజు కొంత వెలుతురును వెనక్కి కొడుతుంది. చెమ్మ పట్టిన చిప్‌లను బేక్ చేసి ఆరబెట్టకుండా రీఫ్లోకి (సోల్డర్ కరిగించే వేడి ఓవెన్‌లోకి) పంపితే గాజు ఊడొచ్చు. మనకు వానలు జోరుగా పడేది అక్టోబరు, నవంబరుల్లో కదా, అప్పుడు ప్యాకెట్ విప్పి వదిలేయకండి.