మారిస్ మైనరా, మినీనా, ట్రయంఫ్ హెరాల్డా: పాత బ్రిటిష్ కారు కొనేవాళ్ళకి ఏది మేలు?

పాత బ్రిటిష్ కారొకటి కొనుక్కోవాలని ఉంది అని ఎవరన్నా అనడం ఆలస్యం, పక్కనున్నవాడు "మినీ తీసుకో" అనేస్తాడు. ఎందుకురా అంటే ముద్దుగా ఉంటుంది కదా అంటాడు. నిజమే, ముద్దుగానే ఉంటుంది, నడిపితే ఇంకా బాగుంటుంది. కానీ మీరు పాత కారు కొనేది ఆ రోజుల్లో జనం కార్లతో ఎలా కాపురం చేశారో చూద్దామనే అయితే, అంటే పొద్దున్నే చోక్ లాగి ఇంజన్‌ని బతిమాలుకోవడం, ఆదివారం పూట గ్రీజు గన్ పట్టుకుని కారు కిందకి దూరడం, డిక్కీలో ఫ్లాస్కూ దుప్పటీ పడేసుకుని సముద్రం వైపు పోవడం, ఇవన్నీ కావాలనుకుంటే మాత్రం నా ఓటు మినీకి పడదు. మారిస్ మైనర్, మినీ, ట్రయంఫ్ హెరాల్డ్, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూద్దాం. మూడూ మామూలు జీతగాళ్ళు కొనుక్కున్న కార్లే. జాగ్వార్లూ ఆస్టిన్ హీలీలూ మనకొద్దు, వాటిని దూరం నుంచి చూసి మురిసిపోదాం.

ముందు మినీ సంగతి. 1956లో సూయెజ్ గొడవ వచ్చి బ్రిటన్‌లో పెట్రోల్‌కి రేషన్ పెట్టేసరికి జనం మూడు చక్రాల బబుల్ కార్ల వెంట పడ్డారు, అది చూసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) అనే కార్ల కంపెనీ పెద్దాయన లెనర్డ్ లార్డ్‌కి ఒళ్ళు మండి, వాటిని రోడ్డు మీంచి తరిమేసే సరైన చిన్న కారు ఒకటి చెయ్యమని తమ డిజైనర్ అలెక్ ఇసిగోనిస్‌కి అప్పజెప్పాడు. 1959 ఆగస్టులో బయటికొచ్చింది. పొడవు పదడుగులు, చక్రాలు 10 అంగుళాలు, ఇంజన్ అడ్డంగా, గేర్‌బాక్స్ దాని కిందే, ఆయిల్ నిలిచే సంప్‌లో, రెండిటికీ ఒకటే ఆయిల్. స్ప్రింగుల బదులు రబ్బరు. బేసిక్ మోడల్ ధర టాక్సుతో కలిపి 500 పౌండ్ల లోపే, ఫోర్డ్ వాళ్ళు ఒకటి కొని నట్టునట్టూ విప్పి చూసి ఒక్కో కారు మీదా 30 పౌండ్ల దాకా నష్టం అని తేల్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇక 1964, 1965, 1967 మాంటే కార్లో ర్యాలీలు గెలిచాక దాని పేరు ఎక్కడికో పోయింది. 2000 దాకా తయారైంది, 50 లక్షలకి పైనే.

నడపడానికి మూడింట్లో ఇదే గొప్ప, అందులో వాదన లేదు. స్టీరింగ్ ఇలా తిప్పామా అలా తిరిగిపోయింది, అంతే. చిక్కు ఎక్కడంటే బానెట్ ఎత్తినప్పుడు. వేలు దూరే చోటుండదు. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ముందు గ్రిల్ వెనకాలే ఉంటుంది కాబట్టి గట్టి వానలో ఇంజన్ తుస్సుమనేది, దానికి జనం కనిపెట్టిన మందేంటంటే గిన్నెలు తోముకునే రబ్బరు గ్లవ్, వేళ్ళ చివర్లు కత్తిరించి ఒక్కో వేల్లోంచి ఒక్కో ప్లగ్ వైరు లాగి డిస్ట్రిబ్యూటర్ మీద తొడిగేసేవాళ్ళు. మొదట్లో వచ్చిన కార్లలో నేలలోంచి కూడా నీళ్ళొచ్చేవి. వెనక చక్రాల్ని పట్టి ఉంచే సబ్‌ఫ్రేమ్ తుప్పు సంగతి అడక్కండి. పైగా ఇప్పుడు కూపర్ (మినీలో వేగంగా పోయే మోడల్) అనే బోర్డు కనపడితే చాలు రేటు ఆకాశంలో ఉంటుంది, ఆ బోర్డు తర్వాత అంటించుకున్నదో నిజందో తేల్చుకోడానికి ఇంకో మనిషిని వెంటబెట్టుకుపోవాలి. నాకైతే అంత ఓపిక లేదు.

హెరాల్డ్ అంటే మాత్రం మనకి కాస్త చుట్టరికం ఉంది. ఇదీ 1959దే, ఇంగ్లండ్‌లో కావెంట్రీ ఊరి కారు, రూపం ఇటలీ ఆయన మికెలొట్టి గీసింది. అప్పటికే అందరూ బాడీ, ఛాసిస్ ఒకే ముక్కగా చేస్తుంటే వీళ్ళు పాత పద్ధతిలో విడి ఛాసిస్ పెట్టి దాని మీద బాడీ ముక్కలు బోల్టులేసి బిగించారు. సరదాకి కాదు లెండి, వీళ్ళకి బాడీలు చేసిచ్చే ఫిషర్ అండ్ లడ్లో కంపెనీని బీఎంసీ కొనేసింది, దాంతో చిన్నచిన్న ముక్కలు తలో చోటా చేయించుకోక తప్పలేదు. ఆ తిప్పలే వేరే దేశాల్లో బిగించుకోడానికి కలిసొచ్చింది, మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ వాళ్ళు 1961 నుంచి ఇదే కారుని స్టాండర్డ్ హెరాల్డ్ అని చేశారు, తర్వాత నాలుగు తలుపులది కూడా తెచ్చారు. ఇంగ్లండ్‌లో రెండు తలుపులే, నాలుగు తలుపుల హెరాల్డ్ కావాలంటే ఇంగ్లండ్ వాడు కూడా మన దేశం వైపు చూడాల్సిందే!

ఈ కారుకి బానెట్ అంటూ విడిగా ఏమీ లేదు, మడ్‌గార్డులూ లైట్లూ సహా మూతి మొత్తం ముందుకి లేస్తుంది. చక్రం మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు, సొంతంగా రిపేర్ నేర్చుకుందాం అనుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచి బడి దొరకదు. 25 అడుగుల్లో గిర్రున తిరిగేస్తుంది, లండన్ టాక్సీ ఎంతో ఇదీ అంతే. మరి లోపాలో? ముక్కల అతుకుల్లోంచి వాన లోపలికొస్తుంది, ఛాసిస్ పక్క చేతులు తుప్పు పడతాయి, వెనక స్వింగ్ యాక్సిల్ వల్ల మలుపు మధ్యలో ఠక్కున యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక చక్రం లోపలికి మడుచుకుంటుంది. మెల్లగా నడిపేవాడికి ఏం కాదు, కుర్రాళ్ళకి మాత్రం ఇవ్వకండి. ముందు చక్రాల దగ్గర ట్రనియన్ అని ఒక కీలుంటుంది, దానికి గేర్ ఆయిల్ మాత్రమే పోయాలి, గ్రీజు కొడితే లోపల గట్టిపడి తడి చేరి ఒకరోజు విరిగి చక్రం పక్కకి వాలిపోతుంది. మైనర్‌కి సరిగ్గా రివర్స్, అక్కడ గ్రీజే కొట్టాలి, కొట్టకపోతే అదీ ఇలాగే చక్రం పడేసుకుని కూర్చుంటుంది. రెండు కార్లూ చూసుకున్న మెకానిక్కులు ఇప్పుడు ముసలాళ్ళైపోయారు కాబట్టి ఈ తేడా మనమే గుర్తుపెట్టుకోవాలి.

ఇక మైనర్. 1948లో ఎర్ల్స్ కోర్ట్ మోటార్ షోలో పెట్టారు, ఇదీ ఇసిగోనిస్ చేసిందే. కంపెనీ యజమాని నఫీల్డ్ ప్రభువుకి ఇది అస్సలు నచ్చలేదు, పోచ్డ్ ఎగ్‌లా (పెంకు తీసి నీళ్ళలో ఉడికించిన గుడ్డులా) ఉందన్నాడు. ఆఖరి నిమిషంలో ఇసిగోనిస్‌కి కారు సన్నగా ఉందనిపించి నమూనాని నిలువునా కోయించి రెండు సగాలూ ఎడంగా జరుపుతూ పోయాడు, నాలుగంగుళాల దగ్గర బాగుందన్నాడు, అప్పటికే బంపర్లు తయారైపోయాయి కాబట్టి మొదటి కార్ల బంపర్లకి మధ్యలో అతుకు ముక్క కనిపిస్తుంది. నఫీల్డ్‌కి నచ్చనిదే చివరికి పది లక్షలు దాటిన మొదటి బ్రిటిష్ కారైంది, ఆ గుర్తుగా లేత వంగపండు రంగులో కొన్ని వందలు ప్రత్యేకంగా చేశారు కూడా. మనవైపు బేబీ హిందుస్థాన్ పేరుతో వచ్చింది ఇదే. దీని అన్నగారు మారిస్ ఆక్స్‌ఫర్డే కదా అంబాసిడర్ అయ్యి 2014 దాకా మనల్ని మోసింది, అందుకేనేమో మైనర్‌లో కూర్చుంటే మన ఇంటి కారులానే ఉంటుంది, అంబాసిడర్‌లా స్టీరింగ్ పక్కన కాకుండా గేరు మాత్రం కింద ఉంటుంది అంతే.

ఆ రోజుల అలవాట్లన్నీ చెయ్యాలంటే ఇదే కారు. బ్యాటరీ పోయిందా, ముందు రాడ్డు దూర్చి తిప్పి స్టార్ట్ చెయ్యొచ్చు, అడ్డం ఇంజన్ మినీకి ఆ వైభోగం లేదు. చోక్ నాబ్ వెనక్కి పోకుండా బట్టల క్లిప్పు తగిలించడం, చలికాలం గ్రిల్ ముందు అట్టముక్క పెట్టడం, ఫస్ట్ గేర్ వెయ్యాలంటే కారు పూర్తిగా ఆగాలి లేదా క్లచ్ రెండుసార్లు తొక్కాలి, ఫ్యాన్ బెల్ట్ తెగితే ఇంటావిడ నైలాన్ మేజోడు కట్టి దగ్గర్లో గ్యారేజీ దాకా లాక్కుపోవడం (ఇది ఎంతమంది నిజంగా చేశారో గానీ చెప్పనివాడు లేడు). వేసవి సెలవుల్లో డెవన్, కార్న్‌వాల్ సముద్రతీరాల వైపు కుటుంబాలన్నీ ఒకేసారి బయల్దేరితే ఎక్సెటర్ బైపాస్ మీద గంటలు గంటలు ఆగిపోయేవి, ఇంజన్లు కాగి ఆవిర్లు, పక్కన గడ్డిలో దుప్పట్లు పరిచి శాండ్‌విచ్‌లు. 1959 చివర్లో ఎం1 అనే పెద్ద హైవే తెరిచాక ఇలాంటి చిన్న ఇంజన్ కార్లని గంటలకొద్దీ ఆపకుండా తొక్కి ఆ మోటర్‌వే పక్కనే బేరింగులు పోగొట్టుకున్నవాళ్ళు బోలెడు, అప్పటికింకా 70 మైళ్ళ లిమిట్ కూడా లేదు, అది 1965 చివర్లో వచ్చింది.

మైనర్‌లోనే వెనక భాగం చెక్క ఫ్రేముతో వచ్చే ట్రావెలర్ మోడల్ మీద మోజు పడేవాళ్ళకి ఒక మాట. వెనక కనిపించే ఆ చెక్క (యాష్ అనే చెట్టుది) అలంకారం కాదు, వెనక బాడీని మోసేదే అది. నల్లబడి మెత్తబడిందంటే వెల్డింగ్ కాదు, వడ్రంగి కావాలి, డబ్బు మంచినీళ్ళలా పోతుంది. అందం చూసి కొనకండి. నాలుగు తలుపుల సెలూన్, 1962 తర్వాత వచ్చిన 1098 సీసీ ఇంజన్‌ది, కింద జాక్ పాయింట్ల దగ్గర గట్టిగా ఉంటే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు, విడిభాగాలన్నీ ఇప్పటికీ దొరుకుతాయి.

మూడింటికీ సమానమైనవి కొన్ని ఉన్నాయి, గబగబా చెప్పేస్తా. బ్రిటన్‌లో 40 ఏళ్ళు దాటిన కారైతే రోడ్ టాక్స్ కట్టక్కర్లేదు (అప్లై మాత్రం చేసుకోవాలి), ఏటా చేయించే ఎంఓటీ అనే ఫిట్‌నెస్ టెస్టు కూడా తప్పనిసరి కాదు, అయినా నేనైతే ఏటా చేయిస్తా, బ్రేకుల సంగతి మనకన్నా టెస్టర్‌కి బాగా తెలుస్తుంది. హిస్టారిక్ (పాత కాలపు బండి) కింద రిజిస్టర్ అయితే పొగ ఎక్కువ వదిలే బళ్ళ మీద లండన్‌లో వేసే యూలెజ్ చార్జీ లేదు. బంకులో ఇథనాల్ ఎక్కువ కలిపిన ఈ10 పెట్రోల్ కొట్టించకండి, అది తక్కువుండే సూపర్ ఈ5 కొట్టించండి, ఇంజన్ వాల్వ్ సీట్లు అన్‌లెడెడ్‌కి (సీసం లేని పెట్రోల్‌కి) మార్పించారో లేదో కొనేముందే అడగండి.

రోజూ సిటీలో తిప్పుతూ నవ్వుకోడానికైతే మినీ, చేతులకి నల్లరంగు అంటాలని ఉంటే హెరాల్డ్, అమ్మానాన్నల్ని వెనక కూర్చోబెట్టుకుని ఊరవతలకి పోవాలంటే మైనర్. ఇక మైనర్‌లో మళ్ళీ ఏది అంటే, ఎటు తిరుగుతున్నామో చూపించడానికి తలుపు పక్క స్తంభంలోంచి చిన్న చెయ్యిలా టక్కున లేచే ట్రాఫికేటర్లు కావాలనుకునేవాళ్ళు 1961కి ముందుది వెతకండి, కానీ చలికి అవి ఇరుక్కుపోతాయి, లోపల్నుంచి స్తంభం మీద ఒక్కటిస్తే గానీ లేవవు, లేచినా ఇప్పటి డ్రైవర్లకి అదేంటో తెలీదు, కాబట్టి కిటికీ దించి చెయ్యి కూడా బయటపెట్టండి.