లేనియర్ సరస్సు ఒడ్డున ఇల్లు: గదుల కంటే ముందు డాక్ కింద నీళ్ళు చూడండి

అద్దె ఇంటి ప్రకటనలోని ఫొటోలో డాక్ (పడవ కట్టుకునే వేదిక) నిండు నీటి మీద తేలుతోంది. మేము సామాను దించుకుని వెళ్ళి చూసేసరికి అదే డాక్ ఎర్రమట్టిలో ఒక పక్కకు ఒరిగి కూర్చుని ఉంది, నీటి అంచు దానికి ఇరవై అడుగుల అవతల ఉంది. రాత్రికి 389 డాలర్ల చొప్పున రెండు రాత్రులకు 778, శుభ్రం చేసినందుకు 225, సర్వీసు చార్జి 134, పన్నులు 91, మొత్తం 1,228 డాలర్లు ముందే కట్టేశాము.

మేము అమెరికాలోని జార్జియాలో, అట్లాంటాకు ఉత్తరాన కమ్మింగ్‌లో ఉంటాము. లేనియర్ సరస్సు ఒడ్డున చేపలు పట్టుకోవడానికి, పడవ కట్టుకోవడానికి వీలుండే ఇల్లు కొనాలని మూడేళ్ళుగా అనుకుంటున్నాము. కొనేముందు సరస్సులో మూడు వైపులా మూడు అద్దె ఇళ్ళలో ఉండి చూద్దామని, కైకలూరు నుంచి మా అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చి ఉన్న అక్టోబరులో బయలుదేరాము. మామయ్యగారు కొల్లేటి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి, గాలం పట్టడంలో ఆయన మాటకు మా ఇంట్లో తిరుగు లేదు.

గేన్స్‌విల్ వైపు, చటహూచీ నది పాయలో ఒక సన్నటి కయ్య (ఒడ్డులోకి చొచ్చుకొచ్చిన నీటి పాయ) చివర ఉన్నది ఆ మొదటి ఇల్లు. యజమానికి ఫోను చేస్తే, వానలు లేకపోతే తానేమి చేయగలనని అడిగి, మళ్ళీ వస్తే 50 డాలర్లు తగ్గిస్తానన్నాడు. ఆ ఫొటోలు ఏ నెలలో తీశారని అడిగితే జవాబు లేదు. అంతకంటే బాధ కలిగించినవి మెట్లు. ఇంటి నుంచి ఒడ్డుకు డెబ్బై నాలుగు మెట్లున్నాయని ప్రకటనలో ఎక్కడా లేదు. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యగారు రెండు రోజులూ పైన వరండాలోనే కూర్చున్నారు, మా ఆవిడ నాతో ముభావంగా ఉంది. అద్దెకు తీసుకున్న పాంటూన్ పడవను (వెడల్పాటి బల్లపరుపు పడవ; ఎనిమిది గంటలకు 440 డాలర్లు, పెట్రోలు 58) డాక్ దగ్గరకు తెచ్చి పెద్దవాళ్ళను ఎక్కించుకుందామనుకుంటే, అది నేలకు ఆనుతుందని మెరీనా (పడవల రేవు) వాళ్ళు ఒప్పుకోలేదు. అందరినీ కారులో పాతిక నిమిషాలు తీసుకుపోయి మెరీనాలోనే ఎక్కించాము. మా అబ్బాయి తాను నడుపుతానన్నాడు గానీ, 1998 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవాళ్ళు జార్జియాలో మోటారు పడవ నడపాలంటే శిక్షణ కోర్సు పూర్తి చేసి ఉండాలి. అది చేయకుండా వచ్చినందుకు వాడి అలక ఒకటి.

ఆ సాయంత్రం మామయ్యగారు గరాజులో దొరికిన నైలాను తాడుకు అడుగుకొక ముడి వేసి, చివర మా అబ్బాయి డంబెల్ కట్టారు. మర్నాడు చుట్టుపక్కల ఎక్కడ నీళ్ళు కనిపించినా డంబెల్ జారవిడిచి, చేతిలో జారిపోతున్న ముళ్ళను పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నేను సరస్సు లెక్క ఆయనకు చెప్పాను. 1956లో బ్యూఫోర్డ్ డ్యామ్ గేట్లు మూసి నింపిన జలాశయం ఇది. వేసవి పూర్తి మట్టం సముద్ర మట్టానికి 1,071 అడుగుల ఎత్తు. 2007 డిసెంబరు కరువులో అది 1,051 కంటే కిందికి పోయింది. "అయితే మన కొల్లేటి హద్దుకు అయిదో కాంటూరు మట్టం ఎట్లాగో దీనికి 1071 అట్లాగన్నమాట. అల్లుడుగారూ, ఇల్లు తరువాత చూద్దురు గాని, ముందు డాక్ చివర ఎన్ని ముళ్ళు దిగుతాయో చూడండి" అన్నారు. నిండుగా ఉన్నప్పుడు పదడుగులున్న చోట కరువొస్తే బురద మిగులుతుందన్న సంగతి నాకు ఏ ఏజెంటూ ఇంత సూటిగా చెప్పలేదు.

రెండో ఇల్లు డ్యామ్‌కు దగ్గరగా, బాల్డ్ రిడ్జ్ వైపు ఉంది. ఒక రాత్రికి అన్నీ కలిపి 512 డాలర్లు, ఇల్లు శుభ్రం, పదిహేడు ముళ్ళు దిగాయి. అయితే శనివారం పెద్ద పడవలు లేపే అలలకు డాక్ ఊయలలాగా ఊగింది, మామయ్యగారి గాలపు బెండు ఒక్కచోట నిలవలేదు.

మూడోది ఫ్లవరీ బ్రాంచ్ వైపు, పెద్ద పాయకు పక్కగా ఉన్న కయ్య మొగలో ఉంది. 1970ల నాటి కట్టడం, వంటగది ఇరుకు, ఏసీ ఒకటే మోత. కానీ ఒడ్డుకు పందొమ్మిది మెట్లే, డాక్ చివర పధ్నాలుగు ముళ్ళు. తెల్లవారి ఆరున్నరకు మామయ్యగారు వానపాము గుచ్చి డాక్ నీడ అంచున వేస్తే, ఎనిమిది లోపల మూడు స్పాటెడ్ బాస్ చేపలు పడ్డాయి. మూడోదాన్ని పైకి లాగాక, ఒంటి మీది నల్లటి మచ్చల వరుసను వేలితో తడిమి, కొర్రమీనుకు చుట్టం కాదు గానీ పట్టు మాత్రం అంతే ఉందన్నారు. అత్తయ్యగారు చింతపండు పులుసు పెట్టారు. ముక్క విరిగిపోతుందని, పులుసు మరిగాకే వేయాలని మా ఆవిడకు చెబుతూ, నాలుగు రోజుల తరువాత మొదటిసారి నవ్వారు. రెండు రాత్రులకు 694 డాలర్లు. ఒక్క డాలరు కూడా దండగ అనిపించలేదు.

ఇక కొనుగోలు సంగతి. సరస్సుకూ మీ స్థలానికీ నడుమ ఉన్న ఒడ్డు మీది కాదు, అది ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ (అమెరికా సైన్యపు ఇంజినీరింగు విభాగం) అధీనంలోని ప్రభుత్వ భూమి. అక్కడి చెట్టు కొమ్మ కొట్టాలన్నా వాళ్ళ అనుమతి కావాలి. డాక్ పర్మిట్ ఇంటితో పాటు దానంతటది రాదు, కొత్త యజమాని తన పేరున దరఖాస్తు చేసుకోవాలి. సరస్సు మొత్తానికి 10,615 డాక్‌లకు మించి ఇవ్వకూడదని 2004 నాటి ఒడ్డు నిర్వహణ ప్రణాళికలో పరిమితి పెట్టారు, రక్షిత భాగంగా గుర్తించిన ఒడ్డున అసలు ఇవ్వరు. ఒక ఏజెంటు మాకు చూపిన ఇంటికి "డాక్ వేసుకోవచ్చు" అని రాసి ఉంది. కోర్ వారి పటంలో చూస్తే ఆ ఒడ్డు రక్షిత భాగంలో ఉంది. ఆయన తనకు తెలియదన్నాడు, నేను నమ్మలేదు. డాక్ లేని ఒడ్డు ఇంటికి డాక్ ఉన్న ఇంటి ధర ఇవ్వకండి. సెప్టిక్ ట్యాంకు ఎన్ని పడకగదులకు అనుమతి పొందిందో కూడా కాగితం అడగండి. అయిదు గదులని అమ్ముతున్న ఒక ఇంటి కాగితంలో మూడే ఉన్నాయి.

ఇప్పటికి ఏడు ఇళ్ళు చూశాము, పన్నెండు ముళ్ళు దాటినవి రెండే. వాటిలో ఒకదానికి పర్మిట్ గడువు తీరిపోయింది. రెండోదాన్ని నీళ్ళు ఇంకా తగ్గాక జనవరిలో మళ్ళీ చూస్తానన్నాను. చలికాలంలో సరస్సు ఇల్లు ఎవరు చూస్తారని ఏజెంటు విసుక్కున్నాడు గానీ, తారీఖు మాత్రం ఇచ్చాడు.