తాత తుపాకి, మనవరాలి ఎయిర్ రైఫిల్: హనుమకొండలోని ఒక శిక్షణ కేంద్రంలో ఆరు నెలలు

మా ఇంట్లో తుపాకి పట్టడం మూడు తరాల అలవాటు. ములుగు దగ్గరి మా ఊళ్ళో మా తాతకు లైసెన్సు ఉన్న సింగిల్ బ్యారెల్ తుపాకి ఉండేది. మక్కచేన్ల మీద పడే అడవి పందులను చప్పుడుతో బెదరగొట్టడానికే దాన్ని ఎక్కువగా వాడేవాడు. మా బాపుకు మీసాలు రాకముందే దాన్ని చేతికిచ్చి గురి నేర్పాడు. దసరానాడు కొడవలి, గొడ్డలి, నాగలి కర్రు పక్కన అది కూడా పసుపు కుంకుమలతో పూజ అందుకునేది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా పోలీసు ఠాణాలో అప్పగించి రసీదు తెచ్చుకోవడం, ఫలితాలు వచ్చాక మళ్ళీ వెళ్ళి విడిపించుకోవడం ఇంట్లో ఒక పనిగా సాగేది. తాత పోయిన తరువాత లైసెన్సు మా పేరిట మార్పించుకోకుండా తుపాకిని ఠాణాలోనే ఇచ్చేశాం. అందువల్ల పదమూడేళ్ళ మా అమ్మాయి ‘నాకు గూడ నేర్పు తాతా’ అని బాపు వెంట పడినప్పుడు నేర్పడానికి ఇంట్లో తుపాకి లేదు. ఉన్నా, 1959 నాటి ఆయుధాల చట్టం 21 ఏళ్ళు నిండనివారికి తుపాకిని సొంతంగా ఉంచుకొనే హక్కు ఇవ్వదు. 4.5 మిల్లీమీటర్ల రంధ్రమున్న గొట్టంతో, 20 జౌళ్ళ శక్తికి మించని, గాలి ఒత్తిడితో పేలే ఎయిర్ రైఫిల్‌కు మాత్రం లైసెన్సు అక్కరలేదు. 10 మీటర్ల దూరంలోని గురిని కొట్టడం నేర్పే హనుమకొండలోని ఎయిర్ రైఫిల్ శిక్షణ కేంద్రం తలుపు మేము తట్టింది ఆ వెసులుబాటుతోనే. ఆ కేంద్రం పేరు ఇక్కడ రాయడం లేదు. పిల్లలను మరెక్కడ చేర్పించదలచినవారికైనా నేను చూసినవి పనికి వస్తాయనుకుంటున్నాను.

ఒక హాలు, ఒక్కొక్కరు నిలబడి కాల్చే ఆరు లేన్లు, గోడమీద 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన మన హైదరాబాదీ గగన్ నారంగ్ ఫోటో, దాని పక్కన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చిన ఈషా సింగ్ ఫోటో. రుసుము నెలకు 5,000 రూపాయలు. వారానికి మూడు రోజులు, రోజుకు గంటన్నర. రైఫిల్‌లో వేసి కాల్చే చిన్న గుళ్ళు, అంటే పెల్లెట్ల ఖర్చు వేరు. 500 పెల్లెట్ల డబ్బా మా అమ్మాయికి మొదట్లో నెల వచ్చేది, ఇప్పుడు రెండు వారాలకే అయిపోతున్నది. చేర్చుకునేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

మొదటి పది రోజులు ఒక్క పెల్లెట్ కూడా కాల్చనివ్వలేదు. డబ్బు కట్టిన తండ్రిగా నాకు అది కొంత చిరాకు కలిగించిన మాట నిజమే గానీ, ఈ కేంద్రంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ పది రోజులే. రైఫిల్ గొట్టంలో ఈ కొస నుంచి ఆ కొస దాకా, లోపల పెల్లెట్ లేదని తెలిపే నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగ్ దూర్చి ఉంచడం, లేన్‌లో నిలబడి కోచ్ చెప్పిన తరువాతే దాన్ని తీయడం, ‘స్టాప్’ అన్న మాట వినపడితే సగం పట్టిన ట్రిగ్గర్‌ను సైతం వదిలి రైఫిల్‌ను బల్లమీద పెట్టడం, ఇవే పాఠాలు. ఒక సాయంత్రం ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు వెనుక కూర్చున్న తండ్రి పిలిస్తే చేతిలో రైఫిల్‌తోనే వెనక్కి తిరిగాడు. అందులో పెల్లెట్ లేదు. అయినా కోచ్ కేకలు వేయకుండా రైఫిల్ తీసుకొని వాడిని ఆ రోజుకు ఇంటికి పంపించి, పిల్లవాణ్ణి లేన్‌లో ఉండగా పిలిచినందుకు ఆ తండ్రిని అరగంట బయట నిలబెట్టి మాట్లాడాడు.

కోచ్‌కు లోపాన్ని పసిగట్టే కన్ను కూడా ఉన్నది. చేర్పించడానికి ముందు వారం రోజులు మా బాపు చేతికర్రను మా అమ్మాయి కుడి భుజానికి ఆనించి ‘ఎడమ కన్ను మూయి బిడ్డా, ఊపిరి బట్టు’ అని సాధన చేయించాడు. కేంద్రంలో కోచ్ ఆమె రెండు అరచేతులను త్రికోణంగా కలిపించి, ఆ సందులోంచి గోడ గడియారాన్ని చూడమని, ఒక్కో కన్ను మార్చి మార్చి మూయమన్నాడు. కుడి కన్నుతో చూస్తే గడియారం మాయమైంది. అంటే ఆమె చూపును నడిపేది ఎడమ కన్ను. ఆ రోజే రైఫిల్‌ను ఎడమ భుజానికి మార్పించి, కుడి కన్ను మూయనివ్వకుండా దాని ముందు చిన్న తెల్లని అడ్డుపట్టీ తగిలించాడు; ఒక కన్ను మూసి ఉంచితే గురి చూసే కన్ను కూడా తొందరగా అలసిపోతుందని చెప్పాడు. నెల తిరిగేసరికి టార్గెట్ కాగితం మీద చెల్లాచెదురుగా ఉన్న రంధ్రాలు రూపాయి బిళ్ళంత చోటికి దగ్గరపడ్డాయి. ఆ కాగితం మీద పది మార్కుల చుక్క అడ్డంగా అర మిల్లీమీటరే ఉంటుంది, ఆవగింజ కంటే చిన్నది. దాన్ని నేరుగా చూడబోతే గురి తప్పుతుంది. రైఫిల్ ముందు కొసన ఉండే గురి వలయంలోంచి చూస్తూ, టార్గెట్ మీది నల్లని గుండ్రం చుట్టూ సన్నని తెల్లని అంచు సమానంగా కనబడేలా చూసుకోవాలి. ఈ సంగతి మూడు తరాల మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

బాపును కూడా ఒకసారి కేంద్రానికి తీసుకువెళ్ళాను. రైఫిల్ ఎత్తగానే ఆయన చూపుడు వేలు అలవాటుగా ట్రిగ్గర్ మీదికి పోయింది. ‘పెద్దయ్యా, వేలు బయట పెట్టండి’ అన్నాడు కోచ్. బాపు ముఖం చిన్నబుచ్చుకున్నాడు, మెట్లు దిగుతూ ‘యాభై ఏండ్ల సంది పట్టిన తుపాకి, నాకు జెప్పుతడా’ అని గొణిగాడు. మరుసటి ఆదివారం ఇంట్లో చేతికర్రతో మనవరాలికి నిలబడే తీరు చూపిస్తున్నప్పుడు ఆయన వేలు కర్ర వెంబడి తిన్నగా చాపి ఉన్నది. నేను చూడనట్టే ఊరుకున్నాను.

ఇక లోపాలు. పెల్లెట్లు సీసంతో చేసినవి. వాటిని పట్టిన చేతులతో పిల్లలు బిస్కెట్లు, మురుకులు తినకూడదు. అయినా ఈ అంతస్తులో చేతులు కడుక్కోవడానికి కుళాయి లేదు, కింది అంతస్తుకు దిగవలసిందే. మొదటి నెలలో సగం మంది పిల్లలు ఆ శ్రమ పడకపోవడం చూసి మేము ఇంటి నుంచి నీళ్ళసీసా, సబ్బు తీసుకువెళ్తున్నాం. కాల్చేటప్పుడు ఒళ్ళు కదలకుండా తొడుక్కునే బిగుతు జాకెట్లు పిల్లల కొలతలకు సరిపోయేవి రెండే ఉన్నాయి, వాటికోసం రోజూ వంతులు పడుతున్నారు. టార్గెట్లు ఇంకా కాగితానివే. తప్పేమీ కాదు గానీ, పోటీల్లో కనిపించే ఎలక్ట్రానిక్ టార్గెట్ల అలవాటు కోసం అప్పుడప్పుడు హైదరాబాదు వెళ్ళక తప్పదు.

వీటన్నిటి కంటే నన్ను కలవరపెట్టింది గాలి సిలిండర్. ఈ రైఫిళ్ళలో గొట్టం కింద ఉండే సిలిండర్‌లో దాదాపు 200 బార్ల ఒత్తిడితో గాలి నింపుతారు, అందుకే వాటి వాడకానికి అంతర్జాతీయ నిబంధనలు పదేళ్ళ గడువు పెట్టాయి. తయారీ తేదీ సిలిండర్ మీదే చెక్కి ఉంటుంది. మా అమ్మాయికి ఇచ్చిన రైఫిల్ సిలిండర్‌ను ఒక రోజు తిప్పి చూస్తే ఆ గడువు దాటి రెండేళ్ళయింది. అడిగితే నిర్వాహకుడు ‘ఇన్ని రోజులు ఏం కాలేదు కదండీ’ అన్నాడు. చిన్నవాడు రైఫిల్‌తో వెనక్కి తిరిగినందుకే ఇంటికి పంపిన చోట ఈ జవాబు వినవలసి రావడం నాకు మింగుడుపడలేదు. కోచ్ మాత్రం మరునాడే ఆ రైఫిల్‌ను లేన్ నుంచి తీసివేసి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఎవరైనా అడిగితే, కోచ్ కోసం చేర్పించండి, సిలిండర్ తేదీ స్వయంగా చూసుకోండి అని చెప్తాను. సొంత రైఫిల్ కొనమని ఆరు నెలలకే తొందరపెట్టేవారి మాట మాత్రం వినవద్దు. విదేశీ రైఫిల్ రెండు లక్షలు దాటుతుంది, పిల్లల భుజాలు ఏడాదికేడాది పెరుగుతాయి. మేము వచ్చే నెల రుసుము కట్టాం. కొత్త సిలిండర్ వచ్చేంతవరకు మా అమ్మాయి నాలుగో లేన్‌లోని రైఫిలే వాడుతుంది.